పడుకుని ఎక్కిన కొండ

మా రాజధాని హాన్యాంగ్‌లో కాళ్లు చచ్చుబడిన ముసలివాళ్లు గోడకు కొండ బొమ్మ తగిలించుకుని, పడుకునే కళ్లతో దాని మీద తిరుగుతారు. అందులో వింతేమీ లేదు. పక్కింటి ముసలాయన రోజూ గోడ అవతల నుంచి మా ఆయనను కేకేసి అడుగుతాడు, "ఇవాళ ఎందాకా వెళ్లావు?" అని. "మఠం దాటి సెలయేటి దాకా. అక్కడ మోకాలు పట్టేసింది, కూర్చుండిపోయా" అంటారు ఈయన. ఇద్దరూ నవ్వుకుంటారు.

నేను మాత్రం కాళ్లు బాగున్న రోజుల నుంచే అలా తిరుగుతున్నాను. ఆడవాళ్లను ఆ బొమ్మలోని వజ్రకొండ మీదికి రానివ్వరు. రానిచ్చినా వెళ్లేదాన్ని కాదేమో. గడప దాటినవాళ్లు తిరిగి వస్తారన్న ధైర్యం నాకు ఏనాడూ లేదు. నేను పెళ్లయి వస్తుంటే మా అమ్మ ఏటి ఒడ్డు దాకా వచ్చి నిలబడింది. మళ్లీ ఆమెను చూడలేదు. అప్పటి నుంచి ఎవరు బయలుదేరినా వాళ్ల వీపు కనబడినంతసేపూ గుమ్మంలో నిలబడతాను. ముల్లంగి దుంపలు కొనడానికి వెళ్లే పనిమనిషి వీపునైనా సరే.

ఆ బొమ్మ మా ఆయన హమ్ సెయూన్ వేసినది. ఆయన రాజుగారి చిత్రశాలలో పనిచేశారు. పన్నెండు వేల శిఖరాల కొండ మొత్తం ఒకే కాగితం మీద, పైనుంచి పక్షి చూసినట్టు, విచ్చీ విచ్చని తామరలా గుండ్రంగా ఉంటుంది. కుడివైపు రాతి శిఖరాలు. వాటికి కుంచెను నిలబెట్టి పై నుంచి కిందికి ఒక్క ఊపున పొడి గీతలు దించుతారు, ఒకదాని పక్కన ఒకటి, ఈటెలు నాటినట్టు. ఎడమవైపు మట్టి కొండలు. అక్కడ కుంచెను పక్కకు వాల్చి తడి చుక్కలు అద్దుతారు. లేత సిరా మీద ముదురు సిరా, చుక్క మీద చుక్క, అడవి చెమ్మగా ఊపిరి పీలుస్తోందనిపించే దాకా. మధ్యలో మబ్బు. మబ్బును ఎవరూ వేయరు, అంతమేర కాగితాన్ని అలా వదిలేస్తారు. "మబ్బున్న చోట ఏముందని చిత్రకారుణ్ణి అడక్కూడదే" అని మా ఆయన నవ్వేవారు.

ప్రతి శిఖరం పక్కనా చీమల బారులాంటి అక్షరాల్లో దాని పేరుంటుంది. నాకు అదే బడి. మన అక్షరాలు పెళ్లికి ముందే, వంటింట్లో బూడిద మీద గీసుకుంటూ నేర్చుకున్నాను. చీనా అక్షరాలు మాత్రం ఈ కొండ మీదే నేర్చుకున్నాను. పేర్లు ఒక్కసారి చదివి వినిపించమని అడిగాను, ఆయన చదివారు. తర్వాత నేనే ఒక శిఖరంలోని అక్షరాన్ని ఇంకో శిఖరంలో వెతికి పట్టుకునేదాన్ని. వైరోచన శిఖరం దగ్గర మొదలుపెట్టి లోయలోకి దిగేసరికి నాకు చదవడం వచ్చేసింది.

ఆ బొమ్మతోనే మా ఆయనకు పేరు వచ్చింది. దానిలాంటిదే కావాలని ఎందరో దొరలు వేయించుకున్నారు. అంతకు ముందు ఆయన గీత చురుకుగా ఉండేది. రెండు కుంచెలు ఒకే పిడికిట్లో పట్టుకుని చకచకా దించేవారు. ఈ బొమ్మలో గీత అలా ఉండదు. దిగుతూ దిగుతూ మధ్యలో కొంచెం ఆగుతుంది, అక్కడ సిరా గింజంత ఉబ్బుతుంది, మళ్లీ దిగుతుంది. బొమ్మలు తెలిసినవాళ్లు వచ్చి చూసి తలలూపారు. "బిడ్డ పోయిన చెయ్యి ఇది. గీత గీతకూ ఊపిరి తడబడుతోంది" అన్నారు. ఆ మాటే ఊరంతా పాకింది. నేనూ అదే నమ్మాను. ఆయన నోటితో ఎన్నడూ ఏడవలేదు, కుంచెతో ఏడ్చారనుకున్నాను.

ఆ బిడ్డ దల్లె. వసంతంలో మంచు కరిగిన గట్ల మీద మొలిచే అడవి ఉల్లికాడ పేరు అది. అది కడుపులో ఉన్నప్పుడు నాకు ఆ ఉల్లికాడలు వేసిన సోయా పులుసు తప్ప ఏదీ సహించేది కాదు. మాకు ఒక్కతే. అమ్మవారు పోసి పోయింది. పెళ్లికాకుండా పోయిన పిల్లకు మా దగ్గర సమాధి దిబ్బ కట్టరు, పేరు రాసిన పలక నిలబెట్టరు, తద్దినం పెట్టరు. ఒక కుండలో పెట్టి కొండవాలున పూడ్చి, ఎక్కడో గుర్తు లేకుండా నేల చదును చేసి వచ్చారు. దాని పేరు లోకంలో ఎక్కడా లేదు. నా నోట్లో తప్ప.

ఆ ఏడాది శరదృతువులో గు వంశపు దొరగారు వజ్రకొండ చూడ్డానికి వెళుతూ మా ఆయనను తోడు తీసుకెళ్లారు. ఆ కొండ మీద రాళ్ల నిండా మనుషుల పేర్లేనని అందరికీ తెలుసు. పెద్దపెద్ద దొరలు పైకి వెళ్లి రాతిపనివాడి చేత తమ పేరు చెక్కించుకుని వస్తారు. నేను కొప్పులోంచి వెండి ముల్లు తీసి ఆయన చేతిలో పెట్టాను. అది మా అమ్మ ఇచ్చినది. "పనివాడికి ఇది ఇవ్వండి. ఎక్కడో ఒక మూల, చిన్నగా చాలు. దల్లె అని. మన అక్షరాల్లోనే" అన్నాను.

ఆయన తిరిగి వచ్చి బొమ్మ పరిచారు. పదివేల జలపాతాల లోయలో, మూడు మడుగులు మెట్లలా దిగే చోట, చివరి మడుగు పక్కన ఒక బల్లపరుపు రాయి ఉంది. దాని మీద వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ" అన్నారు.

అప్పటి నుంచి నలభై ఏళ్లకు పైగా నేను వెళుతున్నది ఆ రాయి దగ్గరికే. మఠం దాటి, సన్నటి దారి పట్టుకుని, ఒంటి రాగి స్తంభం మీద నిలబడ్డ గుహ ఆశ్రమం కింద నుంచి, మబ్బు పక్కగా. మబ్బు దగ్గర మాత్రం ఎప్పుడూ కాస్త భయమేసేది. ఆ మడుగు ఒడ్డున కూర్చుని దాని పేరు వేలితో తడిమి వచ్చేదాన్ని.

*

మొన్న ఆకులు ఎర్రబడే వేళ మా మరిది కొడుకు గిల్జుంగ్ వచ్చాడు. వాడూ చిత్రశాలలోనే ఉన్నాడు. నలభై దాటినవాడు, పొట్ట వచ్చినవాడు, గడ్డం పలచన, మాట చిక్కన. వాకిట్లోనే అరిచాడు.

"పెద్దమ్మా, అడవికాయల పిండి జున్ను ఉందా? ఉంటే లోపలికొస్తా, లేకపోతే ఇట్నుంచి ఇటే పోతా."

"ఉందిలేరా. ముందు చెప్పులు విప్పు."

లోపలికి వచ్చి పెద్దనాన్నకు వంగి నమస్కారం పెట్టాడు. ఆయన పడక మీద నుంచి గడ్డం ఎత్తారు. రెండేళ్ల కిందట ఎడమవైపు పడిపోయింది, మాట మాత్రం బాగానే ఉంది.

"పెద్దనాన్నా, నాకూ అదృష్టం పట్టింది. దొరగారితో వజ్రకొండకు పంపుతున్నారు. ఇన్నాళ్లూ మీ బొమ్మ చూసి వేశాను. ఇప్పుడు కొండనే చూసి వేస్తాను."

"నా బొమ్మ ఉండగా కొండెందుకురా?" అన్నారు ఆయన.

"అదే నేనూ దొరగారితో అన్నా. 'హమ్ సెయూన్ బొమ్మలా లేకపోతే కొండదే తప్పు' అన్నా. పడీ పడీ నవ్వారు."

నేను జున్ను ముక్కల గిన్నె వాడి ముందు పెట్టాను. ఎన్నో ఏళ్లుగా మనసులో ఉన్న మాట. ఎవరినీ అడిగే వీలు రాలేదు.

"ఒరే గిల్జుంగ్, నాకో పని చేసిపెట్టు. మూడు మడుగుల దగ్గర రాయి మీద మన దల్లె పేరు ఉంటుంది. దాని మీద కాగితం తడిపి పరిచి, సిరా గుడ్డతో అద్ది అచ్చు తీసుకురా. పోయేలోపు నా చేత్తో దాన్ని తడమాలిరా."

"అయ్యో, అదెంత పని పెద్దమ్మా! దొరల పేర్ల అచ్చులు ఎన్ని తీయలేదు. నా అక్క పేరు తీయనా?"

"ఎందుకే అవన్నీ?" పడక మీద నుంచి మా ఆయన అన్నారు. "ఎన్ని వానలు పడుంటాయి. అరిగిపోయుంటుంది."

"వజ్రకొండ రాయి అరుగుతుందా పెద్దనాన్నా? వందల ఏళ్లనాటి పేర్లు కూడా అలాగే ఉన్నాయంటారు కదా."

"నాచు పట్టుంటుంది."

"గోకుతా."

"ఆ మడుగు దగ్గర జారుతుందిరా. పడి చస్తావు. బొజ్జోడివి."

గిల్జుంగ్ నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన ఎప్పుడూ నా చాదస్తానికి నవ్వే మనిషి, భయపడే మనిషి కాదు. ఇంట్లో ఆ పని నాది.

"వాడికి చోటు తెలియాలి కదా. పొద్దున బొమ్మ దించి ఇస్తాను. ఆ మూల మట్టుకు, అడుగు గీత కనబడే నూనె కాగితం మీద ఎక్కించుకుని పోతాడు" అన్నాను.

"దాన్ని గోడ మీంచి తీయొద్దు" అన్నారాయన. గొంతు పెంచి అన్నారు. "చిరుగుతుంది. చెప్తున్నా, తీయొద్దు."

*

పొద్దున ఎండ తలుపుల కాగితం మీద పడే వేళకు బొమ్మ దించాను. ఆయన మేలుకునే ఉన్నారు, నా చేతుల వైపే చూస్తున్నారు. మూలలు నలగకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని తలుపు వైపు తిరిగాను. ఎండ దాని వెనక పడింది.

కొండ వెలిగింది.

ప్రతి శిఖరం అంచు వెంటా చుక్కలు, సన్నటి వెలుగు చుక్కలు. వెనక అతికిన కాగితం ఉన్నా, ముందు కాగితం చిల్లుపడ్డ ప్రతిచోటా వెలుతురు ఎక్కువ వస్తోంది. వైరోచన శిఖరం నెత్తి మీంచి కింది దాకా ఒక వరుస. మఠం కప్పు చుట్టూ ఒక వరుస. నేను నడిచే దారి పొడవునా రెండు పక్కలా వరుసలు.

అవేమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. జీవితమంతా దిండు చివర్లకు పూలు కుట్టినదాన్ని. ఒకరి దగ్గరున్న పువ్వు మనకు కావాలంటే వాళ్ల నమూనా కాగితం కింద మన కాగితం పెట్టి గీత వెంట సూదితో పొడుచుకుంటాం. తర్వాత ఆ కన్నాలు కలుపుకుంటూ పోతాం. చేయి రానివాళ్లు కన్నం కన్నానికీ ఆగుతారు. ఆగిన చోట సిరా ఉబ్బుతుంది.

గీత గీతకూ తడబడిన ఊపిరి అదీ.

మళ్లీ చూశాను. కళ్లు మసకవుతున్నా చూశాను. రెండు చోట్ల కన్నాలు లేవు. మబ్బులో లేవు. మూడో మడుగు పక్కన బల్లపరుపు రాయి చుట్టూ లేవు.

బొమ్మను నేల మీద పరిచి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు.

"నిద్ర నటించకండి. నిద్రపోతే మీకు గురక వస్తుంది."

కళ్లు తెరిచారు.

"ఎవరి చిత్తు బొమ్మ మీద పొడిచారు?"

"కనుమ కింద పూటకూళ్లింటి ఆవిడది. వాళ్లాయన బతికున్నప్పుడు కొండ బొమ్మలు వేసేవాడట. అదొక్కటే మిగిలింది."

"మీరు కొండ ఎక్కలేదా?"

"కనుమ దాకా వెళ్లాం. అక్కడ నిలబడితే కొండంతా ఒక్కసారే కనిపిస్తుందంటారు. ఆ అందం చూసి జుట్టు కోసేసుకుని సన్యాసం పుచ్చుకోవాలనిపిస్తుందంటారు. నాకు కనిపించింది మబ్బే. రోజూ వెళ్లి నిలబడ్డాను. రోజూ మబ్బే. ఈలోగా దొరగారికి కడుపునొప్పి పట్టుకుంది. వెనక్కి పోదామన్నారు."

"ఆయన కొండ మీద పద్యాలు రాశారు కదా! ఊరంతా చదివింది."

"దుప్పటి కప్పుకుని రాశారు, పూటకూళ్లింట్లో. గంజి తాగుతూ. నేను పక్క గదిలో బొమ్మ వేశాను. ఒకరి గురించి ఒకరం నోరెత్తలేదు."

నవ్వొచ్చే మాటే. ఇంకెవరైనా చెప్పుంటే నవ్వేదాన్నే.

"నూనె కాగితం మీద ఎక్కించుకోవచ్చుగా. ఈ సూదెందుకు?"

"వానకు అవన్నీ అతుక్కుపోయాయే. ఆవిడ చిత్తుకేమో అప్పటికే కన్నాలున్నాయి. జల్లెడలా ఉంది. నాకంటే ముందు ఎంతమంది చిత్రకారులు పొడుచుకుపోయారో. ఆ కన్నాల్లోనే సూది దింపుకుంటూ పోయాను."

"సూది?"

"ఆవిడే ఇచ్చింది."

"ఊరికే ఇచ్చిందా ఇవన్నీ?"

ఆయన కుడిచెయ్యి దుప్పటి అంచు పట్టుకుంది. అప్పుడు నాకు అర్థమైంది. అయినా ఆయన నోటితో వినాలనిపించి కూర్చున్నాను.

"కొప్పుముల్లు ఇచ్చాను" అన్నారు.

"అక్కడే కొప్పులో పెట్టుకుందా?"

"పెట్టుకుంది."

"నప్పిందా?"

"ఏం ప్రశ్నే అది!"

"నప్పిందా అని అడుగుతున్నా."

"నేను చూళ్లేదు."

"చూసే ఉంటావు. చిత్రకారుడివి."

ఇన్నేళ్లలో నేను ఆయనను నువ్వు అనడం అదే మొదటిసారి. ఆయనా విన్నారు. ఇద్దరిలో ఎవరమూ దాన్ని సరిచేయలేదు.

"మరి ఈ రాయి?" బొమ్మ మీద దాని దగ్గర వేలు పెట్టాను. "దీనికి కన్నాల్లేవు. ఇది ఆవిడ చిత్తులో లేదు."

"లేదు. అది నేను వేశాను."

"ఎప్పుడు?"

"చివరి మజిలీలో. తెల్లారితే ఇంటికి చేరతామనగా. గుర్రం మేత తింటుంటే ఎందుకో..." ఆగారు. "నువ్వు అడుగుతావని గుర్తొచ్చింది."

"నేను అడుగుతానని గుర్తొచ్చిందా, బిడ్డ గుర్తొచ్చిందా?"

ఆయన పైకప్పు వైపు చూశారు. ఆ కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. పక్షవాతం వచ్చాక ఆయనకు కారణం లేకుండా కూడా నీళ్లు కారతాయి. అందుకని అది ఏడుపో కాదో నాకు తెలియలేదు. ఒకప్పుడైతే ఏడుపే అని నమ్మేదాన్ని.

"ఎన్నిసార్లు చెప్పాలనుకున్నానో" అన్నారు. "నువ్వేమో రోజూ దాని దగ్గరికి వెళ్లొచ్చి, ఇవాళ నీళ్లు ఎక్కువున్నాయి, ఇవాళ తేటగా ఉన్నాయి అని చెప్పేదానివి. ఎలా చెప్పను?"

అంటే నేను వెళ్లడమే అబద్ధాన్ని నిలబెట్టిందన్నమాట. తప్పు తిరిగి తిరిగి నా గడపలోకే వచ్చింది.

బయట గుర్రం చప్పుడైంది. గిల్జుంగ్ గొంతు వినిపించింది. "పెద్దమ్మా! దొరగారి మనుషులు వంతెన దగ్గర ఆగారు. బొమ్మ దించావా?"

మా ఆయన నా వైపు చూశారు. ఆయన పేరంతా ఆ బొమ్మే. గిల్జుంగ్ తిండి కూడా ఆ బొమ్మకు నకళ్లు వేసినదే. ఒక్క మాట చాలు, అంతా కన్నాలే. ఇన్నేళ్లు నన్ను మోసం చేసిన మనిషి, ఇప్పుడు ఆ మోసాన్ని కాపాడమని కళ్లతోనే నన్నే అడుగుతున్నాడు.

బొమ్మ చుట్టేశాను.

గిల్జుంగ్ లోపలికి వచ్చాడు. "ఏం పెద్దమ్మా, కళ్లు అలా ఉన్నాయి?"

"పొయ్యి పొగ. బొమ్మ దించితే చిరిగేలా ఉందిరా, వద్దు. చోటు నోటితో చెప్తాను. మూడు మడుగుల్లో చివరిదాని పక్కన బల్లపరుపు రాయి." కొంచెం ఆగి అన్నాను, "మీ పెద్దనాన్న అన్నట్టు అరిగిపోయిందేమో. కనబడకపోతే అక్కడే, ఏ రాయి మీదైనా సరే, మళ్లీ చెక్కించు."

"కనబడకపోవడమేంటి? పెద్దనాన్న వేశాక లేకపోవడమేంటి?"

"ఉంటే మంచిదే. లేకపోతే అన్నాను."

సానరాయి మీద నీళ్లు పోసి సిరా కడ్డీ అరగదీశాను. ఆయన కోసం జీవితమంతా అరగదీసిన చేయి. నా కోసం అదే మొదలు. అరచేతంత కాగితం మీద దల్లె అని రాశాను. చేయి వణికింది. నిలువు గీత కింద కొస కొంకీలా పక్కకు పోయింది. ఇంకోసారి రాద్దామనుకున్నాను గానీ సిరాతో వేసింది దిద్దకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. "ఇది రాయి మీద అతికించి దీని మీదే ఉలి పెట్టమను" అని ఇచ్చాను. పెళ్లినాటి జంట ఉంగరాలు వేలి నుంచి లాగి, "పనివాడికి" అన్నాను. అవి రాక రాక వచ్చాయి. కణుపులు లావెక్కాయి.

గిల్జుంగ్ పెద్దనాన్న వైపు చూశాడు. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నారు. గోడ మీద మేకు మాత్రమే ఉంది.

గుమ్మంలో నిలబడి వాడి వీపు చూశాను. వంతెన దాటాక, లావుపాటి వీపు కాబట్టి, చాలాదూరం కనిపించింది.

*

ఇంటింటా చలికాలపు ఊరగాయ పెట్టుకునే రోజుల్లో వాడు తిరిగి వచ్చాడు. నేను వాకిట్లో క్యాబేజీలకు ఉప్పు పట్టిస్తున్నాను. దూరం నుంచే చుట్టిన కాగితం ఊపాడు.

"పెద్దమ్మా! ఉంది! పెద్దనాన్న చూపించిన చోటే ఉంది! నాచు పట్టి ఉంది, గోకాను. అక్షరాలు చెక్కుచెదరలేదు. మళ్లీ చెక్కించే పనే పడలేదు. ఇదుగో నీ ఉంగరాలు, పనివాడే అక్కర్లేకపోయె."

ఉప్పు చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాను. వాడు కాగితం నేల మీద విప్పాడు. నల్లటి సిరా అచ్చు, మధ్యలో తెల్లగా దల్లె.

నిలువు గీత కింద కొస కొంకీలా పక్కకు పోయింది.

నలభై ఏళ్ల కిందటి ఉలి నా ముసలి చేతి వణుకు ఎలా నేర్చుకుందో! నలుపు మీద వంగి చూశాను. రాయి అచ్చులో ఇసుక గింజల్లా మచ్చలుంటాయి. ఇందులో పై నుంచి కిందికి సన్నటి అలలు, ఒకదాని పక్కన ఒకటి. చెక్క రేఖలు. బేరిపండ్ల చెట్టు చెక్క అయివుంటుంది, మెత్తగా తెగుతుంది. వాడి బొటనవేలి మీద ఉలి గాటు ఎండి నల్లబడింది.

"కొండ ఎలా ఉందిరా?" అన్నాను.

"అచ్చం బొమ్మలానే పెద్దమ్మా" అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా, ప్రేమగా.

అసలు కొండ ఎక్కాడో లేదో కూడా అడగలేదు. ముసలిదాని గుండె ఆగుతుందని చేశాడు. మంచివాడు. ఆ మంచితనం ఆయన అబద్ధం కంటే ఎక్కువ నొప్పెట్టింది. ఆయన అబద్ధంలో దల్లె పేరు ఇన్నేళ్లూ బతికే ఉంది. వీడి అబద్ధంతో అది ఎక్కడా లేదని తేలిపోయింది.

పడక మీద మా ఆయన మోచేయి మీద లేవబోతున్నారు. "ఉందా?" అన్నారు. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. "నిజంగా ఉందటరా?"

"ఉంది పెద్దనాన్నా. మీరు చెప్పిన చోటే."

ఆయన నా వైపు తిరిగారు. ఆ ముఖంలోనే తెలిసిపోయింది. ఒక్క క్షణం ఆయన నమ్మేశారు. ఎవరో ఎప్పుడో తన తరఫున వెళ్లి చెక్కి వచ్చారనీ, తన తప్పు కొండ మాఫీ చేసిందనీ. నేను ఒక్క మాట అంటే కూలిపోతారు.

"ఉందట" అన్నాను. ఉంగరాలు వేలికి పెట్టుకోబోయాను. కణుపు దగ్గర ఆగిపోయాయి. కుట్టుపెట్టెలో వేశాను.

గిల్జుంగ్ అన్నం తిని, కొత్త ఊరగాయ రుచి చూసి, ఉప్పు ఎక్కువైందని వెక్కిరించి వెళ్లిపోయాడు. ఈసారి వాడి వీపు చూడ్డానికి గుమ్మంలోకి వెళ్లలేదు.

మర్నాడు ఎండ ఎక్కాక బొమ్మ విప్పి ఒళ్లో పెట్టుకున్నాను. కుట్టుపెట్టెలోంచి అన్నిటికన్నా సన్నటి సూది తీశాను. మూడో మడుగు పక్కన బల్లపరుపు రాయి నా చిటికెన గోరంత ఉంటుంది. దాని మీద పొడిచాను. మెల్లగా, ఒక కన్నం, దాని పక్కన ఇంకొకటి. ఎవరి నమూనా లేదు. ఎవరి చిత్తూ పైన పెట్టుకోలేదు. అయ్యాక ఎత్తి తలుపు వైపు పట్టుకున్నాను. పూటకూళ్లావిడ కొండంతా వెలిగింది. దాని మధ్యలో, కళ్లు చికిలిస్తే గానీ కనిపించనంత చిన్నగా, నా కూతురి పేరు వెలిగింది.

ముందు వైపు నుంచి చూస్తే ఏమీ తెలియదు. రాయి రాయిలానే ఉంది.

బొమ్మను పాత మేకుకు తగిలించలేదు. నా పడక తలుపు పక్కకు జరుపుకుని, కాగితపు తలుపుకే ఎదురుగా, ఎండ వెనక నుంచి పడేలా వేలాడదీసుకున్నాను. ఆయన పడక నుంచి అది కనిపించదు.

సాయంత్రం గోడ అవతల నుంచి పక్కింటి ముసలాయన అరిచాడు. "సెయూన్! ఇవాళ ఎందాకా వెళ్లావు?"

ఆయన నన్ను పిలిచారు.

"ఏమే, కొండ కనిపించడం లేదే?"

"మబ్బు పట్టింది" అన్నాను. "పడుకోండి."